ఊగే ముల్లు: పాత బండి స్పీడోమీటర్ బాగుచేసిన డైరీ

ఈ పనికి మొత్తం 500 రూపాయలైంది. అందులో 300 తప్పు దారిలో పోయాయి. మిగతా 200తో ఒక పూటలో అయిపోవాల్సిన పనిని మూడు వారాలు సాగదీశాను. ఇదే జబ్బున్న బండి మీ ఇంట్లోనూ ఉంటే నేను తిరిగిన చుట్టుదారి మీరు తిరగకుండా ఉంటారని తేదీల వారీగా రాసిపెడుతున్నాను.

బండి 100 సీసీ, 2008 మోడల్. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. ముందు టైరు 2.75-18. చక్రం దగ్గర బ్రేక్ ప్లేటులో ఒక గేరు, దాన్నుంచి పైకి ఒక కేబుల్, ఆ పైన ముల్లున్న మీటరు. ఇంతే సరంజామా. చక్రం దగ్గర సెన్సారు, పైన డిజిటల్ అంకెలు ఉండే బండ్ల జబ్బులు వేరు, వాటికి ఇది పనికిరాదు. ఉండేది విజయవాడ. రోడ్డు పరీక్షలన్నీ బందరు రోడ్డు మీద, కంకిపాడు దాటాక చేశాను.

దశ 0: జబ్బు రాసుకోవడం (జనవరి 4)

బండి అమ్మిన పెద్దాయన్ని అడిగితే, "అది ఎప్పట్నుంచో అంతే బాబూ. నేను ఇంజన్ చప్పుడు బట్టి నడుపుకునేవాణ్ణి. ముల్లు ఊగుతుంటే బండి కదులుతోందని తెలిసేది" అన్నారు. కాబట్టి ఎప్పుడు మొదలైందో తెలీదు. తెలిసిందల్లా ఇప్పుడు ఎలా ఉందో. అదైనా అంకెల్లో రాసుకుందామని బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. వాడి చేతిలో ఫోన్, ఫోన్లో జీపీఎస్ వేగం. నేను ముల్లు చూసి చెప్పాలి, వాడు ఫోన్ చూసి చెప్పాలి.

జీపీఎస్ అంకె రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అందుకని ప్రతి వేగం దగ్గరా కనీసం పది సెకన్లు ఒకేలా పోనిచ్చి, ఆ తర్వాతే రాసుకున్నాం. ఉయ్యూరు వైపు చెరకు ట్రాక్టర్లు అడ్డం పడుతుంటే ఈ పది సెకన్లు దొరకడమే కష్టమైంది.

జీపీఎస్ 20: ముల్లు 10 నుంచి 28 మధ్య
జీపీఎస్ 30: 15 నుంచి 40
జీపీఎస్ 40: 28 నుంచి 50, ఒక్కోసారి 10కి పడి లేస్తోంది
జీపీఎస్ 50: 40 నుంచి 58

ఓడోమీటర్ (నడిచిన కిలోమీటర్లు చూపేది) కూడా చూశాం. జీపీఎస్ లెక్కన సరిగ్గా 10 కిలోమీటర్లు నడిపితే ఓడోమీటర్ 8.3 మాత్రమే తిరిగింది. కిలోమీటరు రాళ్ళతో సరిచూసినా అంతే.

ఈ 8.3 దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది. మీటరులో ముల్లుకీ ఓడోమీటరుకీ దారులు వేరు. ఓడోమీటర్ పళ్ళచక్రాల మీద తిరుగుతుంది, కేబుల్ ఎన్ని చుట్లు తిరిగితే అన్ని. ముల్లు మాత్రం అయస్కాంతం లాగుడు మీద నడుస్తుంది. ముల్లు ఒక్కటే తప్పు చూపిస్తే మీటరుని అనుమానించొచ్చు. ఓడోమీటర్ కూడా తగ్గిందంటే అసలు చుట్లే పైదాకా రావడం లేదన్నమాట. ఇది ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజు "కేబుల్ పోయి ఉంటుంది" అనేసుకుని ఇంటికొచ్చాను.

ఇప్పటిదాకా: రూ. 0, గంటన్నర.

దశ 1: కొత్త కేబుల్ (జనవరి 5 నుంచి 7)

ఆటోనగర్ దాకా పోలేదు. దారిలో కనపడ్డ షాపులో "మీటర్ కేబుల్" అని అడిగి 140 పెట్టి తెచ్చాను. పాతది పక్కన పెట్టి పోల్చి చూడలేదు. బిగించడం పది నిమిషాల పని: కింద బ్రేక్ ప్లేటు దగ్గర ఒక స్క్రూ, పైన మీటరు దగ్గర చేత్తో తిప్పే నట్టు.

ముల్లు ఊగడం కొంచెం తగ్గినట్టు అనిపించింది. డబ్బు పెట్టాం కాబట్టి అలా అనిపించి ఉంటుంది. మూడో రోజుకి కొత్త జబ్బు కూడా తోడైంది. హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పితే ముల్లు సున్నాకి పడిపోతోంది, తిన్నగా చేస్తే లేస్తోంది.

రెండు కేబుళ్ళూ పక్కపక్కన పెడితే సంగతి తెలిసింది. కేబుల్లో తిరిగేది లోపలి తీగ, అంటే ఇన్నర్. దాని కొన నలుచదరంగా ఉంటుంది, అది మీటరు కింది గుంటలో కూర్చుంటుంది. కొలతలు ఇలా ఉన్నాయి:

పాత ఇన్నర్ ఔటర్ (పై తొడుగు) నుంచి బయటికి వచ్చింది: 13 మి.మీ.
కొత్త ఇన్నర్: 8 మి.మీ.
మీటరు గుంటలో చదరం మొదలయ్యే లోతు (చీపురు పుల్ల గుచ్చి కొలిచాను): 5 మి.మీ.

అంటే పాతది 8 మి.మీ. మేర పట్టుకుంటే, కొత్తది 3 మి.మీ. మాత్రమే పట్టుకుంటోంది. హ్యాండిల్ తిప్పినప్పుడు ఔటర్ వంగి ఇన్నర్‌ని కిందికి లాగుతుంది, ఆ మూడూ ఊడిపోతున్నాయి. వేరే మోడల్ కేబుల్ తగిలించాను. మట్టి అంటింది కాబట్టి షాపువాడు వెనక్కి తీసుకోడు. అడగలేదు కూడా.

సరే, మరి పాత కేబుల్ నిజంగా పోయిందా? దాని ఇన్నర్ బయటికి లాగి, వంటింటి గట్టు గ్రానైట్ మీద పరిచి అరచేత్తో దొర్లించాను. తీగలో ఎక్కడైనా మడత పడి ఉంటే దొర్లేటప్పుడు అక్కడ ఎగిరెగిరి పడుతుంది. ఎక్కడా ఎగరలేదు. తీగ పోగులు తెగలేదు, చదరం మూలలు అరగలేదు. పాత కేబుల్ శుభ్రంగా ఉంది. గట్టు మీద నల్లటి మరక గురించి ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం.

పాతదే మళ్ళీ ఎక్కించాను.

ఇప్పటిదాకా: రూ. 140, మూడు గంటలు.

దశ 2: గ్రీజు (జనవరి 8, 9)

ఈ డైరీలో ఇంకేమీ చదవకపోయినా ఈ ఒక్క దశ చదవండి.

పాత ఇన్నర్ ఎండిపోయినట్టు కనపడింది. బేరింగులకి వాడే చిక్కటి గ్రీజు డబ్బా 60 పెట్టి తెచ్చి, తీగ ఆ చివర నుంచి ఈ చివర దాకా వేళ్ళతో దట్టంగా పూసి లోపలికి తోశాను. మొదటి రోజు ముల్లు ఎంత బాగా నిలబడిందంటే, పని అయిపోయిందని ఇంట్లో చెప్పేశాను. అది బాగుపడటం కాదు, గ్రీజు బంకకి ఊగలేకపోయిందంతే.

రెండో రోజు బెంజ్ సర్కిల్ దగ్గర నలభైలో పోతుంటే ముల్లు 90 చూపించింది. కాసేపటికి చివరిదాకా పోయి 120 దగ్గర ఆనుకుంది. బండి ఆపితే వెంటనే పడలేదు, గడియారం ముల్లులాగా నెమ్మదిగా దిగింది.

కారణం ఇది. ఈ రకం మీటరు పద్ధతికి 1902లో ఒట్టో షుల్జే అనే జర్మన్ ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ కేబుల్ మీటర్లు దాదాపు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. కేబుల్ చివర ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని చుట్టూ, దానికి తగలకుండా, పల్చటి అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో సుడి కరెంటు పుట్టి, గిన్నె కూడా అటే తిరగబోతుంది. వెంట్రుకంత స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ రెండు లాగుళ్ళూ సమానమైన చోట ముల్లు ఆగుతుంది. గిన్నెకీ అయస్కాంతానికీ మధ్య గాలి తప్ప ఏమీ ఉండకూడదు.

నేను అక్కడికి గ్రీజు పంపించాను. ఇన్నర్ మీది తీగ చుట్లు తిరిగేటప్పుడు మరలాగా పనిచేసి గ్రీజుని పైకి ఎక్కించాయి. గ్రీజు గిన్నెని అయస్కాంతానికి అంటించింది, ఇక స్ప్రింగు ఏం ఆపుతుంది?

కేబుల్‌కి కందెన పెట్టాలనుకుంటే:

1. ఇన్నర్ పూర్తిగా తీసి, కిరోసిన్‌లాంటి దానితో పాత మురికి తుడవాలి.
2. పల్చటి గ్రీజు గానీ నాలుగు చుక్కల ఆయిల్ గానీ గుడ్డకి అద్ది, ఆ గుడ్డతో తీగని ఒకసారి తుడిచినట్టు రాయాలి. తీగ మెరవాలి గానీ గ్రీజు ముద్ద కనపడకూడదు.
3. పై చివర జానెడు పొడిగా వదిలెయ్యాలి. అక్కడికి ఎటూ అదే ఎక్కుతుంది.

ఇప్పటిదాకా: రూ. 200, నాలుగు గంటలు. బండి మొదటికన్నా అధ్వానం.

దశ 3: మీటరుని బండి నుంచి విడదీసి పరీక్ష (జనవరి 11)

వీధి చివర మెకానిక్‌కి చూపించాను. ముందు చక్రం గాల్లోకి లేపి చేత్తో తిప్పాడు, పైన కేబుల్ కొన తిరగడం చూశాడు. "గేర్ బాగానే ఉంది సార్. మీటర్ పోయింది. సెట్టు మొత్తం మార్చేద్దాం, ఎనిమిదొందల యాభై." ఆలోచించి చెప్తానని వచ్చేశాను. ఆయన తిప్పి చూసిన పద్ధతిలో తప్పేమిటో దశ 6లో తెలిసింది.

అప్పటికి రెండుసార్లు పొరపాటు పడ్డాను కాబట్టి, ఇక ఏదీ కొనకుండా మధ్యలో విడగొట్టి చూద్దామనుకున్నాను. కేబుల్ పైన విప్పేస్తే పైభాగం మీటరు, కిందిభాగం కేబుల్, గేరు. ముందు మీటరు సంగతి తేల్చాలి. దానికి తెలిసిన వేగంతో తిప్పేది కావాలి.

దానికన్నా ముందు ఎంత వేగంతో తిప్పాలో తెలియాలి.

1. టైరు మీదా నేల మీదా చాక్‌పీసుతో గీత. బండి మీద మనిషి కూర్చుని ఉండగా మూడు చుట్లు నెట్టి, దూరం టేపుతో కొలవాలి. నాకు 5.52 మీటర్లు వచ్చింది. ఒక చుట్టుకి 1.84 మీటర్లు. (మనిషి కూర్చోకుండా కొలిస్తే కొంచెం ఎక్కువ వస్తుంది, అది వాడొద్దు.)
2. కిలోమీటరుకి చక్రం చుట్లు: 1000ని 1.84తో భాగిస్తే సుమారు 543.
3. కేబుల్ పై కొనకి టేపు ముక్క జెండాలా అంటించి, చక్రం పది సార్లు తిప్పి, జెండా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. నాకు 26.
4. కాబట్టి కిలోమీటరుకి కేబుల్ 1,413 చుట్లు తిరుగుతుంది. గంటకి 60 అంటే నిమిషానికి ఒక కిలోమీటరు, అంటే నిమిషానికి 1,413 చుట్లు.

చేతి డ్రిల్లింగ్ మెషిన్‌కి ఆ వేగం దాదాపు అందుతుంది. వేగం కొలిచే టాకోమీటరుని, మోటార్ వైండింగ్ షాపు నడిపే మిత్రుడి దగ్గర ఒక పూటకి అడిగి తెచ్చాను. షాఫ్టుకి మెరిసే స్టిక్కరు అంటించి దూరం నుంచి చూపిస్తే చుట్లు చెబుతుంది. కొత్త కేబుల్ ఎటూ దండగ అయింది కాబట్టి దాని ఇన్నర్ కోసి, చదరం ఉన్న ముక్కని డ్రిల్లు చక్‌లో బిగించాను. ఆ 140 మొత్తంలో పనికొచ్చింది ఈ నాలుగంగుళాలే.

ఒక జాగ్రత్త. ముందు చక్రం ముందుకి తిప్పి కేబుల్ ఏ వైపు తిరుగుతుందో చూసుకుని, డ్రిల్లు కూడా ఆ వైపే తిప్పాలి. తిరగేసి తిప్పితే ముల్లు కింది అడ్డానికి కొట్టుకుంటుంది, ఓడోమీటర్ వెనక్కి తిరుగుతుంది.

గ్రీజు పట్టిన మీటరు అంకెలు:

470 చుట్లు (20 చూపాలి): 45, ఎగిరెగిరి పడుతోంది
940 చుట్లు (40 చూపాలి): 95
ఆ పైన ప్రయత్నించలేదు.

ఇప్పటిదాకా: రూ. 200, ఐదున్నర గంటలు.

దశ 4: మీటరు కడగడం (జనవరి 11 రాత్రి, 12)

నా మీటరు డబ్బా కింద స్క్రూలతో బిగించి ఉంది. కొన్ని బండ్లకి అంచు రేకు మడిచి ఉంటుంది, అది తెరవడం వేరే కథ. ముల్లు పీకలేదు. ముల్లు పీకితే మళ్ళీ అదే చోట పెట్టడం తేలిక కాదు, స్ప్రింగు సాగిందంటే మీటరు అయిపోయినట్టే.

పెట్రోలు వాడొద్దు. డయల్ మీది అంకెలు లేచిపోతాయి, ముందు ప్లాస్టిక్ మసకబారుతుంది. మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐపీఏ అనే ఆల్కహాల్ సీసా 80, దూది పుల్లలు 20 పెట్టి తెచ్చాను. గిన్నెకీ అయస్కాంతానికీ మధ్య సందు దూది పుల్ల పట్టనంత ఇరుకు. పాత పంచె అంచు కాకుండా మధ్య గుడ్డని సన్నటి పీలికలుగా చించి, ఆల్కహాల్‌లో తడిపి, సందులో దారంలాగా అటూ ఇటూ ఆడించాను. పదకొండు పీలికలు నల్లగా వచ్చాయి, పన్నెండోది తెల్లగా వచ్చింది. టిష్యూ కాగితం మొదట్లో ఒకసారి వాడి, లోపల మిగిలిన నూగు తియ్యడానికి అరగంట పోగొట్టుకున్నాను.

రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున కింది షాఫ్టుకి కుట్టు మిషన్ నూనె ఒకే ఒక్క చుక్క. మళ్ళీ డ్రిల్లు:

470 చుట్లు: 21
940 చుట్లు: 42
1,300 చుట్లు (55 చూపాలి): 58

ముల్లు గీసినట్టు నిలబడింది. మీటరు నిర్దోషి. 850 మిగిలాయి.

ఇప్పటిదాకా: రూ. 300, ఎనిమిది గంటలు.

దశ 5: ఊగుళ్ళు లెక్కపెట్టడం (జనవరి 13)

ఇన్నర్ తుడిచి, ఈసారి పద్ధతిగా గ్రీజు అద్ది, మీటరు బిగించి రోడ్డెక్కితే ముల్లు మళ్ళీ ఊగింది. మొదటి రోజు ఎలా ఊగిందో అలాగే. చెప్పొద్దూ, సంతోషమేసింది. నా గ్రీజు జబ్బు పోయి అసలు జబ్బు ఒక్కటే మిగిలింది.

మీటరు కాదంటే కేబులా, గేరా? ఇక్కడ ఫోన్ కెమెరా పనికొచ్చింది. ట్యాంకు మీద ఫోన్‌ని రబ్బరు బ్యాండ్లతో కట్టి, జీపీఎస్ 25 దగ్గర నిలకడగా పోతూ మీటరుని వీడియో తీశాను. ఇంటికొచ్చి నెమ్మదిగా ఆడించి, పది సెకన్లలో ముల్లు ఎన్నిసార్లు దిగిందో గీతలు పెట్టుకుంటూ లెక్కేశాను.

ఈ లెక్క ఎందుకంటే, తప్పు ఎక్కడుంటే ఊగుడు దాని చుట్టుతోపాటే వస్తుంది. 25 వేగంలో చక్రం సెకనుకి 3.77 చుట్లు, పది సెకన్లకి దాదాపు 38. కేబుల్ పది సెకన్లకి 98. కేబుల్లో మడత ఉంటే 98 దగ్గర రావాలి, అంత త్వరగా వస్తే కంటికి ముల్లు మసకగా కనపడుతుందే తప్ప ఊగినట్టుండదు. చక్రంతోపాటు తిరిగే దాంట్లో తప్పుంటే 38.

వీడియోలో చిన్న దిగుళ్ళు 37. రెండోసారి లెక్కేస్తే 38. ఇవి కాక, ఒక వరస లేకుండా పెద్ద పడుళ్ళు 7.

బావమరిదికి చూపిస్తే, "అయితే మొన్న కేబుల్ ఎందుకు కొన్నావు బావా?" అన్నాడు. వాడికి ఇక వీడియోలు చూపించడం లేదు.

ఇప్పటిదాకా: రూ. 300, తొమ్మిది గంటలు.

దశ 6: వేళ్ళతో పట్టుకుని పది చుట్లు (జనవరి 17)

పండగ అయ్యాక కూర్చున్నాను. చక్రం దగ్గరే తప్పుంటే, దశ 3లో పది చుట్లకి 26 ఎలా సరిగ్గా వచ్చింది? ఆ రోజు ఒక్కసారే లెక్కపెట్టాను. ఇప్పుడు ఐదుసార్లు చేశాను: 26, 26, 26, 26, 26. మెకానిక్ చూసింది కూడా ఇదే.

తేడా ఏమిటంటే, నేనూ మెకానికూ కేబుల్ కొనని గాల్లో వదిలేసి చూస్తున్నాం. రోడ్డు మీద ఆ కొన మీటరులోని అయస్కాంతాన్నీ ఓడోమీటర్ పళ్ళనీ తిప్పాలి. అంటే దాని మీద కొంచెం బరువుంటుంది. ఆ బరువు పెట్టి చూడాలి కదా.

కేబుల్ పై కొనని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా, పూలు కట్టే దారాన్ని పట్టుకున్నంత మెత్తగా పట్టుకుని, బావమరిదితో చక్రం తిప్పించాను:

26, 22, 19, 24, 21

సగటు 22.4. అంటే 14 శాతం చుట్లు మధ్యలో ఎక్కడో జారిపోతున్నాయి. మొదటి రోజు ఓడోమీటర్ 17 శాతం తక్కువ చూపించిన లెక్క ఇదే. ఈ పరీక్షకి పానా అక్కర్లేదు, టాకోమీటరు అక్కర్లేదు, రూపాయి అక్కర్లేదు, పావుగంట చాలు. నేను దీన్ని ఆరో దశలో చేశాను.

ఇప్పటిదాకా: రూ. 300, తొమ్మిదిన్నర గంటలు.

దశ 7: బ్రేక్ ప్లేటు విప్పడం (జనవరి 18)

1. బండి సెంటర్ స్టాండ్ మీద, ఇంజన్ కింద చెక్క దిమ్మ. ముందు చక్రం గాల్లో ఉండాలి.
2. మీటర్ కేబుల్ స్క్రూ తీసి కేబుల్ పక్కకి. బ్రేక్ కేబుల్ నట్టు తీసి లివరు వదులు.
3. ఇరుసు నట్టు తీసి, ఇరుసు లాగి, చక్రం కిందికి. వాషర్లూ బుష్షూ ఏ వరసలో వచ్చాయో ఫోన్లో ఫోటో.
4. బ్రేక్ ప్లేటు షూలతో సహా చేతిలోకి వస్తుంది.

డ్రమ్ములోని దుమ్ముని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకండి. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడిచి, గుడ్డ పారేశాను.

ప్లేటు మధ్యలో ఉంది అసలు దొంగ. చక్రంతోపాటు తిరిగే ప్లాస్టిక్ గేరు, ఉంగరంలాగా ఉంటుంది. దానికి రెండు చెవులుంటాయి, అవి చక్రం నడిమి భాగమైన హబ్బులోని రెండు గాళ్ళలో కూర్చోవాలి. నా గేరుకి ఒక చెవి మొదలంటా విరిగిపోయింది. రెండోది అరిగి గుండ్రంగా అయింది. హబ్బు తిరుగుతుంటే ఆ అరిగిన చెవి కాస్త ఈడుస్తుంది, కాస్త జారుతుంది. వీడియోలో వరస లేని ఏడు పడుళ్ళూ ఇవే. ఇక ఉంగరం పళ్ళలో వరసగా నాలుగు సగం దాకా అరిగిపోయాయి. చక్రం చుట్టుకి ఒకసారి చిన్న గేరు ఆ నాలుగు పళ్ళ మీదికి వస్తుంది. ముప్పై ఎనిమిదీ దొరికాయి.

చిన్న గేరు, మనవాళ్ళు మీటర్ వార్మ్ అనేది, వేళ్ళతో తిప్పితే బిగుసుగా ఉంది. ఆయిల్ సీల్ పెదవి చిరిగి, వాన నీళ్ళూ బ్రేకు దుమ్మూ లోపలికి పోయి, పాత గ్రీజుతో కలిసి రుబ్బుడు పిండిలా తయారైంది. దాని కింద ఉండాల్సిన వాషర్ లేనే లేదు.

చెవి ఎలా విరిగిందో ఊహించగలను. ఎప్పుడో పంచరుకి చక్రం విప్పి ఉంటారు. మళ్ళీ ఎక్కించేటప్పుడు చెవులు గాళ్ళలో పడకుండానే నట్టు బిగిస్తే, హబ్బు ప్లాస్టిక్‌ని నలిపేస్తుంది. చేతులు మారిన బండిలో ఎవరిని అని ఏం లాభం.

ఇంకో సంగతి. ఈ జారుడు ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలీదు కాబట్టి, నేను కొన్నప్పుడు ఓడోమీటర్‌లో ఉన్న 48,316 అన్న అంకెని నేను నమ్మను. అసలు నడిచింది అంతకన్నా ఎక్కువే. ఎవరూ ఏ మోసమూ చెయ్యకపోయినా పాత బండి మీటరు తక్కువ చూపించగలదు. ముల్లు ఊగే బండి కొనేటప్పుడు కిలోమీటర్లు చూసి ధర కట్టకండి.

ఇప్పటిదాకా: రూ. 300, పదకొండు గంటలు.

దశ 8: సామాను, బిగింపు (జనవరి 19)

ఈసారి ఆటోనగర్ వెళ్ళాను, పాత గేరు జేబులో పెట్టుకుని. "ఏ మోడలండీ?" అని అడిగితే మోడల్ చెప్పకుండా పాత గేరు గల్లా మీద పెట్టాను. మూడు రకాలు తీసి చూపించాడు. పళ్ళు లెక్కపెట్టి, చెవుల వెడల్పు, మధ్య బెజ్జం వెర్నియర్‌తో కొలిచాక ఒకటే కలిసింది. ఒకదానికి పళ్ళు సరిపోయాయి గానీ చెవులు వెడల్పు. అది తెచ్చుంటే మళ్ళీ గాళ్ళలో కూర్చోక విరిగేది.

గేరు, వార్మ్, వాషర్ల సెట్టు: 160
ఆయిల్ సీల్: 35
కేబుల్‌ని ఫోర్కు దగ్గర వంపు లేకుండా పట్టి ఉంచడానికి ప్లాస్టిక్ ట్యాగు: 5

బిగించిన వరస:

1. ప్లేటు గుంట మొత్తం కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాను. షూలు ముందే తీసి దూరంగా కాగితంలో చుట్టి పెట్టాను. షూకి జిడ్డు తగిలితే బ్రేకు పోయినట్టే.
2. వాషర్, వార్మ్, ఇంకో వాషర్. వేలితో తాకితే తిరిగేంత తేలిగ్గా ఉండాలి.
3. గేరు పళ్ళకి బఠాణీ గింజంత గ్రీజు. అంతే. డబ్బా ఇంకా నిండుగానే ఉంది.
4. కొత్త సీల్‌ని పాత సీల్ దన్నుగా పెట్టి సమంగా కొట్టాను.
5. గేరు చెవులు నిలువుగా, హబ్బు గాళ్ళు నిలువుగా ఉంచి ప్లేటు కూర్చోబెట్టాను. కూర్చున్నాక ప్లేటు హబ్బు అంచుతో సమంగా ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్లు పైకి ఉందంటే చెవులు పడలేదు. నాకు మొదటిసారి పడలేదు. ప్లేటుని మెల్లగా అటూ ఇటూ తిప్పితే టక్కుమని దిగింది.
6. చక్రం ఎక్కించేటప్పుడు ఫోర్కు మీది బొడిపె ప్లేటు మీది గాడిలో కూర్చుందో లేదో చూడాలి. ఇది మీటరు సంగతి కాదు, ప్రాణం సంగతి. అది కూర్చోకపోతే బ్రేకు వేసినప్పుడు ప్లేటు మొత్తం తిరిగి చక్రం పట్టేస్తుంది.
7. ఇరుసు నట్టు బిగించాక బ్రేకు ఆటా, చక్రం ఫ్రీగా తిరగడమూ చూసుకున్నాను.

వేళ్ళతో పట్టుకుని పది చుట్లు, ఐదుసార్లు: 26, 26, 26, 26, 26. గట్టిగా పట్టుకుంటే వేళ్ళు కాలాయి గానీ జారలేదు.

ఇప్పటిదాకా: రూ. 500, పదమూడు గంటలు.

దశ 9: మళ్ళీ బందరు రోడ్డు (జనవరి 25)

అదే రోడ్డు, అదే బావమరిది, అదే ఫోన్, మొదటి రోజున్న పాత కేబులే.

జీపీఎస్ 20: ముల్లు 21
జీపీఎస్ 30: 32
జీపీఎస్ 40: 42
జీపీఎస్ 50: 53
జీపీఎస్ 60: 63

కదలిక ఒక గీతకి లోపే. 10 కిలోమీటర్లకి ఓడోమీటర్ 10.1.

ముల్లు ఐదు శాతం ఎక్కువ చూపిస్తుంటే ఓడోమీటర్ ఒక్క శాతమే ఎక్కువుందేమని అనుమానం రావచ్చు. అది తప్పు కాదు. వేగం చూపించే ముల్లుని కావాలనే కొంచెం ఎక్కువకి పెడతారు. ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు, కొంత ఎక్కువ చూపించొచ్చు. టైరు అరిగినా, గాలి తగ్గినా తేడా వస్తుంది కాబట్టి ఆ జాగా వదులుతారు. డ్రిల్లుతో చూసినప్పుడు కూడా ఇదే ఐదు శాతం వచ్చింది. కాబట్టి ముల్లు జోలికి పోలేదు, మీరూ పోవద్దు.

ఖర్చు లెక్క ఇలా తేలింది. పనికొచ్చింది: గేరు సెట్టు 160, సీల్ 35, ట్యాగు 5. దండగ: కేబుల్ 140, గ్రీజు 60, ఆ గ్రీజు కడగడానికి 100. గంటలు మొత్తం పద్నాలుగున్నర. దశ 0, దశ 6, దశ 7, దశ 8 మాత్రమే చేసుంటే ఐదున్నర.

ఫిబ్రవరి 8

కడిగాక 310 కిలోమీటర్లు తిరిగింది. పైన కేబుల్ విప్పి చూశాను, చదరం కొన పొడిగా ఉంది, గ్రీజు ఎక్కలేదు. వేళ్ళతో పట్టుకుని పది చుట్లు: 26. పదిహేను లోపు వేగంలో ముల్లు ఇంకా సన్నగా వణుకుతోంది, ఇలాంటి మీటర్లకి అది మామూలే అని వదిలేశాను. వచ్చే వానాకాలం అయ్యాక సీల్ కోసం ప్లేటు ఒకసారి తెరుస్తాను.

సాయంత్రం అమ్మిన పెద్దాయన రోడ్డు మీద కనపడితే ఎక్కించుకున్నాను. నలభైలో పోతుంటే నా భుజం మీంచి మీటరు కేసి చాలాసేపు చూసి, "ముల్లు కదలటం లేదేంటి బాబూ, పట్టేసిందా?" అన్నారు.